మానవ జన్యుశాస్త్రం చదివితే కొలువు దొరుకుతుందా?

ప్రశ్న: మాది దేవరకొండ దగ్గర పల్లె. నల్లగొండలో బీఎస్సీ బయోటెక్నాలజీ చివరి సంవత్సరం చదువుతున్నాను. మా అమ్మానాన్నలది మేనరికం. మా అన్నకు పుట్టుకతోనే వినికిడి లేదు. అందుకే మానవ జన్యుశాస్త్రంలో ఎమ్మెస్సీ చేయాలనుకుంటున్నాను. ఇంట్లో మాత్రం బీఈడీ చేసి టీచరువు కమ్మంటున్నారు. ఈ చదువుకు కొలువులున్నాయా?
– ఒక పాఠకురాలు, నల్లగొండ జిల్లా

జవాబు: మీ అన్నగారి వినికిడి లోపానికి మేనరికమే కారణమని పరీక్ష చేయకుండా ఎవరూ చెప్పలేరు. పుట్టు చెవుడుకు తరచుగా కారణమయ్యే జన్యువుల్లో జీజేబీ2 ఒకటి. ప్రతి జన్యువుకూ మనలో రెండు నకళ్లు ఉంటాయి, తల్లి నుంచి ఒకటి, తండ్రి నుంచి ఒకటి. ఈ జన్యువు విషయంలో ఆ రెండు నకళ్లూ లోపమున్నవే వచ్చినప్పుడే బిడ్డకు చెవుడు వస్తుంది. తల్లిదండ్రులిద్దరూ ఆ లోపాన్ని మోస్తున్నవారైతే ప్రతి కాన్పులోనూ ఆ అవకాశం 25 శాతం. బావామరదళ్ల జన్యువుల్లో సగటున ఎనిమిదో వంతు ఉమ్మడిగా ఉంటాయి కాబట్టి, ఒకే తాత నుంచి ఒకే లోపం ఇద్దరికీ వచ్చే వీలు పెరుగుతుంది. అయితే కాన్పు సమయంలో కలిగిన ఇబ్బందులు, గర్భంలో సోకిన ఇన్ఫెక్షన్లు కూడా చెవుడు తేగలవు. మర్రిగూడ ప్రాంతంలో ఒకే ఇంట్లో తాతకూ మనవడికీ కాళ్లు వంకరపోవడం చూసినవారు అది వంశపారంపర్యమని అనుకోవచ్చు. నిజానికి ఆ ఇంటిల్లిపాదీ తాగిన బావినీటిలోని ఫ్లోరైడే దానికి కారణం. ఏది రక్తంలో వచ్చింది, ఏది నీళ్లలో వచ్చింది అని విడదీసి అడగడమే ఈ శాస్త్రంలో మొదటి పాఠం. మన జిల్లా బిడ్డకు ఆ పాఠం కొత్తది కాదు.

ఇక చదువు సంగతి. ఉస్మానియా విశ్వవిద్యాలయంలో జెనెటిక్స్ ఎమ్మెస్సీ ఉంది. దానికి సీపీగెట్ అనే పీజీ ప్రవేశ పరీక్ష రాయాలి. విశాఖపట్నంలోని ఆంధ్ర విశ్వవిద్యాలయంలో హ్యూమన్ జెనెటిక్స్ పేరుతోనే ప్రత్యేక విభాగం ఉంది. పక్క రాష్ట్రం విద్యార్థులకు ఉండే సీట్ల నిబంధనను నోటిఫికేషన్‌లో చూసుకోండి. కోర్సు పేరు కన్నా, క్రోమోజోముల పరీక్ష చేత్తో చేయించే ప్రయోగశాల ఉన్నదా, చివరి సెమిస్టర్ ప్రాజెక్టు ఆసుపత్రిలోనో పరిశోధన సంస్థలోనో చేసే వీలున్నదా అన్నది సీనియర్లను అడిగి తెలుసుకోండి.

కొలువుల గురించి ఉన్నదున్నట్టు చెబుతాను. ఈ సబ్జెక్టు పేరుతో ప్రభుత్వ నోటిఫికేషన్లు అరుదు. హైదరాబాద్‌లోని రోగనిర్ధారణ ప్రయోగశాలల్లో పని దొరుకుతుంది కానీ తొలి ఏళ్ల జీతం ప్రభుత్వ టీచరు జీతం కన్నా తక్కువే ఉండవచ్చు. జన్యుక్రమం చదివే యంత్రాలు గుట్టలుగా పోసే సమాచారాన్ని విశ్లేషించడం వచ్చినవారికి గిరాకీ ఎక్కువ. కాబట్టి ఎమ్మెస్సీలో చేరకముందే గణాంకశాస్త్రం, పైథాన్ అనే కంప్యూటర్ భాష మొదలుపెట్టండి. పరిశోధన ఇష్టమైతే సీఎస్ఐఆర్–యూజీసీ నెట్ అనే జాతీయ పరీక్ష రాసి జేఆర్ఎఫ్ (పరిశోధక విద్యార్థులకిచ్చే ఫెలోషిప్) తెచ్చుకుంటే మొదటి రెండేళ్లు నెలకు 37,000 రూపాయలు వస్తాయి. జీవశాస్త్ర పరిశోధన సంస్థలైన సీసీఎంబీ, సీడీఎఫ్‌డీ రెండూ హైదరాబాద్‌లోనే ఉన్నాయి.

మీ ఉత్తరాన్నిబట్టి మీకు జన్యు సలహాదారు పని నప్పుతుందనిపిస్తోంది. పరీక్ష ఫలితాన్ని, తర్వాతి కాన్పులో ఉండే అవకాశాలను, ఎవరినీ నిందించకుండా కుటుంబానికి వారి మాటల్లో వివరించడం ఆ పని. అయితే ఎమ్మెస్సీతో డాక్టరు కాలేరు. వైద్య జన్యుశాస్త్రంలో డీఎం అనే సూపర్ స్పెషాలిటీ చదువు చేయాలంటే ముందు ఎంబీబీఎస్, ఆపైన ఎండీ లేదా ఎంఎస్ కావాలి.

బీఈడీ తలుపు ఎమ్మెస్సీ తర్వాత కూడా తెరిచే ఉంటుంది. ఇంట్లో ఆ మాట చెప్పండి. ఈలోగా మీ అన్నగారిని బేగంపేటలోని ఉస్మానియా వారి జన్యువ్యాధుల ఆసుపత్రికి ఒకసారి తీసుకెళ్లండి. వెళ్లేముందు మూడు తరాల వంశవృక్షం గీసుకోండి. మగవారికి చతురస్రం, ఆడవారికి వృత్తం, లోపమున్నవారిని నలుపుతో నింపాలి. మీ అమ్మానాన్నల మధ్య ఒక గీత కాదు, రెండు గీతలు గీయాలి. రక్తసంబంధపు పెళ్లికి అదే గుర్తు.