టెక్ సందేహాలు: ఫిరంగి పేలితే స్పీకర్ గరగరమంటోంది

ప్రశ్న: రష్యా స్వరకర్త చైకోవ్‌స్కీ ఆర్కెస్ట్రా రచన ‘1812 ఓవర్చర్’ను చిన్న బ్లూటూత్ స్పీకర్‌లో వింటున్నాను. మొదట్లో సరిగా వినిపించదని వాల్యూమ్ పెంచితే, చివర ఫిరంగుల దగ్గర స్పీకర్ గరగరమంటోంది. స్పీకర్ పాడైందా? యాప్‌లో ఏమైనా మార్చాలా?
– ఒక పాఠకుడు, విజయవాడ

జవాబు: మిగతా పాటలు శుభ్రంగా వినిపిస్తుంటే స్పీకర్ బాగానే ఉన్నట్టు. ఇప్పటి సినిమా పాటల్లో మెల్లని చోటుకూ గట్టి చోటుకూ మధ్య తేడాను రికార్డింగ్ దశలోనే బాగా తగ్గించేస్తారు. ఈ రచన ఆ తేడా మీదే నిలబడింది.

1812లో నెపోలియన్ సేనను రష్యా తిప్పికొట్టిన విజయానికి గుర్తుగా చైకోవ్‌స్కీ 1880లో దీన్ని రాశారు. మొదట వయోలిన్ కుటుంబానికే చెందిన రెండు వయోలాలు, నాలుగు సెల్లోలు ఒక చర్చి ప్రార్థనను మెల్లగా అందుకుంటాయి. ఫ్రెంచి సేన గుర్తుగా ఫ్రాన్స్ జాతీయ గీతం ‘లా మార్సేయేజ్’ వరస చొరబడుతుంది. చివరికి గంటలు, జార్ చక్రవర్తి గీతం, ఫిరంగులు అన్నీ ఒక్కసారిగా వచ్చిపడతాయి. స్కోరులో ఫిరంగి మోతలు 16: ముందు 5, ముగింపులో 11.

ప్రార్థనకూ ఫిరంగికీ తేడా 40 డెసిబెల్స్ అనుకుందాం. అంటే మోత దగ్గర ఆంప్లిఫయర్ 10,000 రెట్ల శక్తి ఇవ్వాలి. ప్రార్థన కోసం పెంచిన వాల్యూమ్‌లో అది చిన్న స్పీకర్ వల్ల కాదు. శబ్ద తరంగాల కొసలు తెగిపోతాయి; మీరు వింటున్న గరగర అదే.

కాబట్టి వాల్యూమ్‌ను చివరి నుంచి పెట్టుకోండి. ఆఖరి మూడు నిమిషాలకు జరిపి, ఫిరంగులు శుభ్రంగా వినిపించే స్థాయి చూసుకుని, మళ్లీ మొదటి నుంచి పెట్టి ఇక ముట్టుకోకండి. బాస్ బూస్ట్, ఈక్వలైజర్ ఆపేయండి. స్పాటిఫైలో వాల్యూమ్ స్థాయి ‘లౌడ్’లో ఉంటే ‘నార్మల్’కు మార్చండి, ‘లౌడ్’లో గట్టి చోట్లను అణిచే లిమిటర్ పనిచేస్తుంది. కొన్ని సౌండ్‌బార్‌లలో ఉండే ‘నైట్ మోడ్’ కూడా గరగరను తగ్గిస్తుంది గానీ, దాన్ని నేను సూచించను. ప్రార్థననూ ఫిరంగినీ ఒకే ఎత్తుకు తెస్తే ఈ సంగీతంలో ఇక మిగిలేదేమిటి? ఫ్యాను ఆపి, గది నిశ్శబ్దంగా ఉన్నప్పుడు వినండి, ఆ ఆరు వాయిద్యాలూ వినిపిస్తాయి. హెడ్‌ఫోన్ పెట్టుకున్నా ఇదే పద్ధతి పాటించండి. మొదట్లో పెంచేసి మరిచిపోతే దెబ్బ చెవులకే.

రికార్డింగ్ ఎంపిక కూడా ముఖ్యమే. ఎరిక్ కుంజెల్ నిర్దేశకత్వంలో సిన్సినాటి ఆర్కెస్ట్రా వాయించగా టెలార్క్ అనే రికార్డింగ్ కంపెనీ 1979లో విడుదల చేసినదాంట్లో నిజమైన ఫిరంగులున్నాయి. స్పీకర్లు జాగ్రత్త అని ఆ కంపెనీయే అట్ట మీద హెచ్చరించింది. అది పెద్ద స్పీకర్లున్నవారికి. మీరు ఫిరంగులకు బదులు పెద్ద డ్రమ్ము వాడిన రికార్డింగ్ వెతుక్కోండి.

వాల్యూమ్ బాగా తగ్గించినా, ఏ పాట పెట్టినా గరగర వస్తుంటే మాత్రం లోపల అదురుతూ శబ్దం పుట్టించే కోన్ చిరిగి ఉండవచ్చు. అప్పుడు రిపేరు షాపులో చూపించండి.