టూ-స్పీడ్ యాక్సిల్‌ను ఎత్తు ఎక్కకముందే మార్చుకోవాలి

పాత ధాన్యపు ట్రక్కులో గేరు రాడ్డుకు ఉండే మీటను ఎప్పుడు పైకి లాగాలి, ఎప్పుడు కిందికి నొక్కాలి, ప్రతి గేరుకూ ఆ పని చేయాలా అని మీరు అడిగారు. అమెరికాలో, కాన్సాస్‌లోని సలైనాకు దగ్గరలో మా పొరుగు గోధుమ రైతుకు ఆరేళ్లపాటు జూన్ కోతల్లో సాయపడుతూ, ఆయన 1974 నాటి ట్రక్కును నడిపిన అనుభవంతో చెబుతున్నాను.

ఈ బండి వెనక యాక్సిల్‌లోనే రెండు స్థాయిలుంటాయి, అందుకే దీన్ని టూ-స్పీడ్ యాక్సిల్ అంటారు: బరువు లాగడానికి ‘లో’, వేగానికి ‘హై’. మీటను పైకి లాగితే హై, కిందికి నొక్కితే లో. ప్రతి గేరుకూ అవసరం లేదు. బరువుతో ఉన్నప్పుడు అయిదో గేరు దాకా ‘లో’లోనే వెళ్లి, అక్కడ హైకి మారితే చాలు. మీటను ముందుగా లాగి, ఆ తరువాత ఒక్క క్షణం యాక్సిలరేటర్ మీద కాలు తీయాలి. యాక్సిల్ మీది చిన్న మోటారు ఒక స్ప్రింగును బిగించి సిద్ధంగా ఉంచుతుంది. పళ్ల మీద ఒత్తిడి తగ్గినప్పుడే ఆ స్ప్రింగు లోపలి ఫోర్కును, అంటే పళ్లను లో-హైల మధ్య మార్చే కొక్కేన్ని, జరుపుతుంది. తిరిగి ‘లో’కి రావాలంటే మీటను నొక్కి, యాక్సిలరేటర్ వదలకుండానే క్లచ్‌ను చటుక్కున తొక్కి వదలాలి.

అసలు జాగ్రత్త ఎత్తుపల్లాల దగ్గర ఉంది: ఎత్తు ఎక్కకముందే ‘లో’కి మార్చుకోవాలి. ఒక సాయంత్రం 250 బుషెళ్ల గోధుమలతో, అంటే సుమారు 6.8 టన్నుల బరువుతో, హైలోనే ఒక ఎత్తు ఎక్కుతూ, వేగం పడిపోయాక మీట నొక్కాను. ఫోర్కు సగంలో ఆగిపోయింది. ఇంజను ఒక్కసారిగా హోరెత్తింది కానీ చక్రాలకు శక్తి అందలేదు. బండి ఆగి, వెనక్కి జారసాగింది. హ్యాండ్ బ్రేక్ లాగినా నిలవలేదు, ఎందుకంటే ఆ బండిలో అది పట్టుకునేది ప్రొపెల్లర్ షాఫ్టును, అంటే గేర్‌బాక్స్ నుంచి వెనక యాక్సిల్‌కు శక్తిని తెచ్చే కడ్డీని; ఆ షాఫ్టుకూ చక్రాలకూ మధ్య అప్పుడు సంబంధమే లేదు. కాలి బ్రేకుకు బలమిచ్చేది ఇంజను వాక్యూమే కనుక ఇంజను ఆపకుండా, వెనకాలే పికప్‌లో వస్తున్న రైతు చక్రాల కింద చెక్కదిమ్మలు పెట్టేవరకూ బ్రేకు తొక్కే ఉంచాను. నా కాలు వణుకుతూనే ఉంది.

ఇంతా చేసి లోపం మోటారు ఎర్త్ వైరు బోల్టుకు పట్టిన తుప్పు. ఆ రాత్రి గరుకు కాగితంతో రుద్ది బిగించాక మళ్లీ ఎన్నడూ ఆ ఇబ్బంది రాలేదు. యాక్సిల్ మారకపోతే వెంటనే డిఫరెన్షియల్ (యాక్సిల్ మధ్యలోని గేర్ల పెట్టె) విప్పమనే మెకానిక్కుల మాట నాకు ఏమాత్రం నచ్చదు. పది బండ్లలో తొమ్మిదింటికి రోగం వైరులోనో, మీట లోపలి స్విచ్‌లోనో ఉంటుంది. ఇలాంటి బండ్లను అమ్మేవారు కొనేవారికి చెక్కదిమ్మలు చేతికిచ్చి, హ్యాండ్ బ్రేక్ సంగతి విడమరచి చెప్పాలని నా గట్టి అభిప్రాయం.

దిగుడులో అయితే మీటను అసలు ముట్టుకోకండి. సగంలో ఆగితే ఇంజను పట్టు కూడా ఉండదు. స్పీడోమీటరునూ ఒకసారి చూసుకోండి: లో, హైలకు తగ్గట్టు దాని లెక్కను సరిచేసే అడాప్టరు పాడైతే ‘లో’లో ఉన్నప్పుడు అసలు కంటే ఎక్కువ వేగం చూపుతుంది. రేపు బండిని చదును నేల మీద నిలిపి, చక్రాలకు దిమ్మలు పెట్టి, తాళం తిప్పి మీటను పైకీ కిందికీ జరుపుతూ, వెనక ఒకరిని నిలబెట్టి మోటారు తిరిగే చప్పుడు రెండు వైపులా వినిపిస్తున్నదో లేదో కనుక్కోండి.