మూట బరువు, కాగడా వెలుగు

ప్రశ్న: టేబుల్ చుట్టూ కూర్చుని, ఒక్కొక్కరు ఒక్కో సాహసి పాత్ర వేసి నేలమాళిగల్లో నిధులు వెతికే ఆట డన్జియన్స్ అండ్ డ్రాగన్స్‌ను 1981 నాటి బేసిక్ రూల్స్‌తో ఆడుతున్నాం. సామాను బరువును నాణేల్లో లెక్కపెట్టడం రెండో సెషన్‌కే మానేశాం. బదులుగా స్లాట్లు, అంటే మూటలో సామాను పట్టే గళ్లు, పెట్టుకుందామంటే తలా ఒక సంఖ్య చెబుతున్నారు. ఎన్ని పెట్టాలి?

జవాబు: పదహారు. ఆ రూల్స్ ప్రకారం మనిషి మోయగలిగేది 1,600 నాణేల బరువు. 100 నాణేలకు ఒక స్లాట్ అనుకుంటే లెక్క దానంతటదే కుదురుతుంది. నడక వేగం 4 స్లాట్ల వరకు టర్నుకు (ఆటలో పది నిమిషాలకు) 120 అడుగులు, 6 వరకు 90, 8 వరకు 60, 16 వరకు 30. ప్లేట్ కవచం 5, గొలుసు కవచం 4, తోలు కవచం 2, డాలు 1. కత్తి అసలు బరువు 60 నాణేలే, అయినా 1 ఇవ్వండి. తాడు, మేకులు, తిండి వగైరా చిల్లర సామానుకు పుస్తకం మొత్తంగా 80 వేస్తుంది, దానికీ 1.

ప్లేట్ కవచం వేసుకున్న ఫైటర్‌తో, అంటే యోధుడి పాత్రతో సరిచూడండి. కవచం, డాలు, కత్తి, చిల్లర సామాను కలిపి పాత లెక్కలో 740, కొత్త లెక్కలో 8 స్లాట్లు. రెండింటిలోనూ 60 అడుగులే. ఇంకో వంద నాణేలు సంచిలో పడితే రెండింటిలోనూ 30.

ఈ కొత్త లెక్కలో దెబ్బ తినేది దొంగ పాత్ర. తోలు కవచం, బాకు, పొట్టి కత్తి, చిల్లర సామాను పాత లెక్కలో 320 మాత్రమే, అంటే 120 అడుగులు. ఆయుధానికొక స్లాట్ చొప్పున వేస్తే 5 అయి 90కి పడిపోతాడు. అందుకే 50 నాణేల లోపు ఆయుధాలను రెండేసి ఒక స్లాట్‌లో పెట్టనివ్వండి.

పాత్ర బలం స్కోరు ఎంతో అన్ని స్లాట్లు ఇచ్చే పద్ధతి కొత్త ఆటల్లో బాగా నడుస్తోంది. తప్పేమీ లేదు గానీ, దాన్ని ఇక్కడికి తెస్తే మూట నిండిందా లేదా అన్నదే మిగులుతుంది, వేగం మాయమవుతుంది.

ప్రశ్న: వేగం పోతే ఏమవుతుంది? మా టేబుల్ మీద దాని ఊసే రాదు.

జవాబు: రాకపోతే మూట బరువు లెక్కపెట్టడమే దండగ, స్లాట్లు కూడా మానేయండి. నిధి గది నుంచి గుమ్మానికి 720 అడుగులనుకోండి. విశ్రాంతి టర్నులు పక్కనబెడితే, 120 అడుగుల వేగంతో 6 టర్నులు, అంటే గంట, ఒక కాగడా. ప్రతి రెండు టర్నులకొకసారి ఆరు ముఖాల పాచిక వేసి, 1 పడితే రాక్షసులు ఎదురవుతారు కాబట్టి మూడు పాచికలు. ఒక్కసారైనా ఎదురయ్యే అవకాశం 42 శాతం. 60 అడుగులైతే రెండు కాగడాలు, ఆరు పాచికలు, 67 శాతం. 30 అయితే నాలుగు కాగడాలు, పన్నెండు పాచికలు, 89 శాతం!

బయటికి తెచ్చిన బంగారు నాణేనికి ఒక అనుభవ పాయింటు వస్తుంది, పాత్ర పై స్థాయికి ఎదిగేది వాటితోనే. రాగి నాణేలు వంద కలిస్తే గానీ ఒక బంగారు నాణెం కాదు, బరువు మాత్రం రెండింటికీ ఒకటే. వెయ్యి రాగి నాణేలకు పది స్లాట్లు అప్పగిస్తే చేతికొచ్చేది పది పాయింట్లు. ఏది మోయాలి, ఏది వదిలేయాలి అన్న తగవు అక్కడ మొదలవుతుంది. నాణేలకు బరువు లేదని మాత్రం ఎప్పుడూ రూల్ పెట్టకండి.

ప్రశ్న: కాగడాలు స్లాట్‌కు ఎన్ని?

జవాబు: మూడు. ఆరు ఇస్తే నాలుగు స్లాట్లలోనే 24 గంటల వెలుగు దొరుకుతుంది, చీకటి భయం ఎవరికీ ఉండదు. కాగడా పట్టిన చెయ్యి ఖాళీ కాదన్నది కూడా మరవద్దు, డాలో కాగడానో ఒకటే. లాంతరు ఒక స్లాట్, నూనె సీసాలు రెండేసి ఒక స్లాట్. సీసాకు 24 టర్నులు.

ప్రశ్న: కంచర గాడిదను కొంటామంటున్నారు. ఒప్పుకోవచ్చా?

జవాబు: నిరభ్యంతరంగా. 30 బంగారు నాణేలు. 20 స్లాట్ల వరకు 120 అడుగుల వేగం, 40 వరకు సగం. తాడు పట్టుకుని దిగాల్సిన గొయ్యి దగ్గర మాత్రం అది పైనే ఉండిపోతుంది, కాపలాకు ఎవరో ఒకరు ఆగాలి.