చెరువులో ఫేజ్ వైరస్ పోస్తే చేపలకు ప్రమాదమా?

ప్రశ్న: మాది నెల్లూరు జిల్లా కోవూరు మండలం. మూడెకరాల మంచినీటి చెరువులో కట్ల, శీలావతి పెంచుతున్నాను. పది రోజులుగా కొన్ని చేపలకు పొట్ట కింద, రెక్కల మొదళ్ల దగ్గర ఎర్రమచ్చలు కనబడుతున్నాయి. మందుల దుకాణంలో బ్యాక్టీరియాను చంపే వైరస్ అని చెప్పి ఒక సీసా ఇచ్చారు. రొయ్యల్లో తెల్లమచ్చ వైరస్ వల్ల నష్టపోయినవాణ్ణి. చేతులారా చెరువులో వైరస్ పోయవచ్చా? – ఒక రైతు

జవాబు: 1990ల మధ్యలో తెల్లమచ్చ మన తీరంలో గుంటలకు గుంటలనే ఖాళీ చేసింది కనుక, వైరస్ అనగానే మీకు భయం కలగడం సహజమే. అయితే ఆ సీసాలో ఉన్నవి బ్యాక్టీరియోఫేజ్‌లు, క్లుప్తంగా ఫేజ్‌లు, అంటే బ్యాక్టీరియాకు సోకే వైరస్‌లు. ఇవి బ్యాక్టీరియా కణంలో తప్ప మరెక్కడా వృద్ధి చెందలేవు. చేపకు గానీ, రొయ్యకు గానీ, మనిషికి గానీ సోకవు.

నిజానికి మీరు పోయకముందే మీ చెరువులో ఫేజ్‌లు ఉన్నాయి. సారం ఉన్న మంచినీటిలో ఒక్క మిల్లీలీటరుకు కోటి వరకు, ఒక్కోసారి అంతకు మించి వైరస్‌లు ఉంటాయి. వాటిలో అత్యధికం ఫేజ్‌లే. గంగా, యమునా జలాల్లో కలరా క్రిములు నశించడాన్ని హాంకిన్ అనే శాస్త్రవేత్త 1896లోనే గమనించగా, 1917లో డెరెల్ అనే శాస్త్రవేత్త ఈ సూక్ష్మజీవులకు బ్యాక్టీరియోఫేజ్ అని పేరు పెట్టారు. ఫేజ్ తనకు సరిపడే బ్యాక్టీరియా గోడకు అతుక్కొని, తన జన్యుపదార్థాన్ని లోపలికి పంపి, పదులకొద్దీ కొత్త ఫేజ్‌లను తయారుచేయించుకొని, చివరకు ఆ కణాన్ని పగలగొట్టి బయటపడుతుంది. పగిలిన కణంలోని నత్రజని, భాస్వరం నీటిలో కలిసి తిరిగి వృక్షప్లవకాలకు, అంటే నీటిలో తేలే సూక్ష్మ మొక్కలకు, అందుతాయి. వాటిని తిని పెరిగే జంతుప్లవకాలే (నీటిలో తేలే సూక్ష్మ జీవులే) మీ కట్లకు ముఖ్యమైన మేత. మీరు వేసిన పేడ, సూపర్ ఫాస్ఫేటు సారం చెరువులో పదేపదే వాడకంలోకి రావడంలో ఫేజ్‌లకూ వంతు ఉంది. పైగా ఏదైనా ఒక బ్యాక్టీరియా మితిమీరి పెరిగితే, దాన్ని పట్టే ఫేజ్‌లు కూడా పెరిగి దాని జోరును తగ్గిస్తాయి. బ్లీచింగ్ ఈ ఫేజ్‌లను కూడా చంపేస్తుంది. అవసరం లేకున్నా వారం వారం దాన్ని చల్లవద్దని నేను పట్టుబట్టి చెప్పేది ఇందుకే.

ఇక సీసా సంగతి. ఒక్కో ఫేజ్ ఒక్కో రకం బ్యాక్టీరియానే పడుతుంది, కొన్ని ఆ రకంలోని కొన్ని తెగలనే పడతాయి. మీరు చెప్పిన మచ్చలకు తరచుగా ఏరోమోనాస్ అనే బ్యాక్టీరియా కారణమవుతుంది. రొయ్యలకు జబ్బు చేసే విబ్రియో బ్యాక్టీరియా కోసం చేసిన ఫేజ్ దాన్ని తాకనైనా తాకదు. కాబట్టి ఏ బ్యాక్టీరియాకు తయారు చేశారో సీసా మీద రాసి లేకపోతే కొనవద్దు. బ్యాక్టీరియాను వెంటనే చంపక దాని జన్యువుల్లో దాగి ఉండే ఫేజ్‌లూ కొన్ని ఉన్నాయి. కలరా క్రిమికి విషం తయారుచేసే జన్యువును తెచ్చిపెట్టింది అలాంటి ఫేజే. అవి లేవని తయారీదారు స్పష్టంగా చెప్పాలి. ఎండ తగిలినా, బ్లీచింగ్ కలిసినా ఫేజ్‌లు చచ్చిపోతాయి గనుక, వాడవలసి వస్తే సాయంత్రం పూటే వాడండి.

ముందుగా చేపల ఒంటిపై చేపపేను ఉందేమో చూడండి. అది చేసిన గాయాల గుండా ఏరోమోనాస్ లోపలికి చొరబడవచ్చు. దాణా తగ్గించి, తెల్లవారుజామున కరిగిన ఆక్సిజన్ లీటరుకు 4 మిల్లీగ్రాములకు తగ్గకుండా ఏరేటర్లు నడపండి. మచ్చలున్న చేపలను రెండు మూడింటిని, చనిపోయినవి కాకుండా ప్రాణంతో ఉన్నవే, ఆక్సిజన్ నింపిన సంచిలో చెరువు నీటితో సహా ముత్తుకూరు మత్స్య కళాశాలకు తీసుకువెళ్లి పరీక్ష చేయించండి. ఫలితం చేతికి వచ్చేదాకా ఆ సీసా మూత తీయవద్దు.