డీజిల్ పొగకు ప్లాస్మా మందు: మా అమ్మాయి ఈ దారిలో వెళ్లొచ్చా?

ప్రశ్న: మా అమ్మాయి ఎలక్ట్రికల్ ఇంజనీరింగ్ మూడో ఏడాది చదువుతోంది. డీజిల్ ఇంజిన్ పొగలో కాలుష్యాన్ని ప్లాస్మాతో తగ్గించడం మీద పీజీలో పరిశోధన చేస్తానంటోంది. అది మెకానికల్ వాళ్ల పని కదా? పైగా ఎలక్ట్రిక్ బళ్లు వచ్చేస్తుంటే దీనికి భవిష్యత్తు ఉంటుందా? టెన్షన్‌గా ఉంది. - ఓ తల్లి

జవాబు: బ్రాంచి గురించి బెంగ అక్కర్లేదమ్మా. ఈ పరిశోధనకు గుండెకాయ హైవోల్టేజీ. పొగ వెళ్లే గొట్టంలో కిలోవోల్టుల పల్స్‌లు ఇస్తే ఎలక్ట్రాన్లకు బోలెడు శక్తి వస్తుంది, వాయువు మాత్రం పెద్దగా వేడెక్కదు. ఇలా కరెంటుతో ఎలక్ట్రాన్లు విడిపోయి తిరిగే వాయువునే ప్లాస్మా అంటారు. ఆ ఎలక్ట్రాన్లు ఆక్సిజన్‌ను, నీటి ఆవిరిని విడగొట్టి చురుకైన రాడికల్స్‌ను, అంటే పొగలోని కాలుష్యాలతో వెంటనే చర్య జరిపే అణువుల ముక్కలను, పుట్టిస్తాయి. పల్స్ సప్లై తయారుచేయడం, ఎంత కరెంటు ఖర్చయిందో కచ్చితంగా కొలవడం మీ అమ్మాయి చదువుకు దగ్గరి పనులే. మధ్యలో గాజు అడ్డుపెట్టి వాయువులో డిశ్చార్జి (కరెంటు పారడం) పుట్టించే పద్ధతిని వెర్నర్ సీమెన్స్ 1857లోనే ఓజోన్ తయారీకి వాడారు.

ఇప్పుడున్న పద్ధతులు చాలవా అంటే, చాలావరకు పనిచేస్తున్నాయి. మసిని ఫిల్టర్ పడుతుంది. నైట్రోజన్ ఆక్సైడ్ల కోసం 32.5 శాతం యూరియా ద్రావణం చల్లుతారు. కానీ పొగ వేడి సుమారు 200 డిగ్రీల సెల్సియస్ దాటకపోతే యూరియా పద్ధతి సరిగా పనిచేయదు. ఇంజిన్ అప్పుడే స్టార్టయినప్పుడు, ట్రాఫిక్‌లో నెమ్మదిగా కదిలేటప్పుడు ఇదే ఇబ్బంది. ప్లాస్మాకు ఆ వేడితో పనిలేదు. ఆశంతా అక్కడే ఉంది.

అయితే ల్యాబ్‌లో కొత్తవాళ్లు ఒకచోట పొరబడతారు. రియాక్టర్ అంటే తరచుగా ఓ క్వార్ట్జ్ గొట్టం, మధ్యలో స్టీలు కడ్డీ, బయట చుట్టిన లోహపు జాలీ. వోల్టేజీ పెంచగానే లోపల ఊదారంగు వెలుగు, వాయువులను కొలిచే అనలైజర్‌లో నైట్రిక్ ఆక్సైడ్ అంకె గబగబా పడిపోతుంది. పక్కనే మొత్తం నైట్రోజన్ ఆక్సైడ్ల అంకె మాత్రం పెద్దగా కదలదు. డీజిల్ పొగలో ఆక్సిజన్ ఎక్కువ కాబట్టి ఆ నైట్రిక్ ఆక్సైడ్ నైట్రోజన్‌గా మారదు, ఇంకా విషపూరితమైన నైట్రోజన్ డయాక్సైడ్ అవుతుంది. అందుకే వెనకాల కేటలిస్టో (రసాయన చర్యను వేగంగా జరిపించే పదార్థం), దాన్ని పీల్చుకునే పదార్థమో పెట్టాలి. కాబట్టి ఆమె కెమిస్ట్రీని కూడా శ్రద్ధగా చదవాలి. ఇది నేను గట్టిగా చెబుతున్న మాట.

ఇన్నేళ్లయినా ఇది బళ్లలోకి ఎందుకు రాలేదని కూడా మీరు అడగాలి. కరెంటు ఖర్చు ఇంజిన్ శక్తిలోంచే రావాలి. మసి ఎలక్ట్రోడ్ల మీద పేరుకుంటుంది. ఫార్మాల్డిహైడ్ లాంటి కొత్త కాలుష్యాలూ పుట్టొచ్చు. పరిశోధకులకు పని ఇంకా చాలా ఉంది. డీజిల్ పొగ క్యాన్సర్ కలిగిస్తుందని ప్రపంచ ఆరోగ్య సంస్థ క్యాన్సర్ పరిశోధన విభాగం 2012లో తేల్చింది. ఈ పని చేయాలనుకునే పిల్లను వెనక్కి లాగకండి.

ఇక ఉద్యోగం. కార్లు ఎలక్ట్రిక్ అయినా ఓడలు, జనరేటర్లు, గనుల్లోని భారీ యంత్రాలు అంత త్వరగా డీజిల్‌ను వదలవు. అయినా డీజిల్ ఒక్కదాన్నే నమ్ముకోవద్దంటాను. ఆమె నేర్చుకునేది ప్లాస్మా, హైవోల్టేజీ, వాయువుల కొలత. ఇవి ఓజోన్‌తో నీటి శుద్ధిలో, ఫ్యాక్టరీ గాలి శుద్ధిలో, చిప్‌ల తయారీలో పనికొస్తాయి. చిప్ పరిశ్రమలోనైతే ప్లాస్మా లేనిదే పని జరగదు.

గైడ్‌ను ఎంచుకునేటప్పుడు ఒక్క ప్రశ్న తప్పకుండా అడగమనండి: 'సిలిండర్ల గ్యాస్ కలిపి ప్రయోగం చేస్తారా, నిజమైన ఇంజిన్ పొగతోనా?' రెండోది చేసే ల్యాబ్ దొరికితే అక్కడే చేరమనండి. మసి, తేమ, ఇంజిన్ మీద మారిపోయే లోడు అన్నీ అక్కడే ఎదురవుతాయి. ఆలోగా ఇంట్లో మాత్రం ప్రయోగాలు వద్దు. హైవోల్టేజీ ప్రాణాలు తీస్తుంది, ఓజోన్ ఊపిరితిత్తులను దెబ్బతీస్తుంది. ఫైనలియర్ ప్రాజెక్టును కాలేజీ ల్యాబ్‌లో, అధ్యాపకుల ఎదుట చేయమనండి.