అప్‌డేట్ తర్వాత కాల్ రికార్డింగులు పోయాయి: ఫోన్ కంపెనీ మీద కేసు నిలుస్తుందా?

ప్రశ్న: మాది గాజువాక. ఫిషింగ్ హార్బర్ వేలంలో వంజరం, చందువ కొని హోటళ్లకు వేస్తుంటాను. బీచ్ రోడ్డులో ఒక హోటల్ యజమాని 2023 జూన్ నెలాఖరు నుంచి 2024 జనవరి దాకా తీసుకున్న సరుకుకు రూ. 1,86,000 బాకీ. ఇప్పుడు ‘నీకేం ఇవ్వాలి?’ అంటున్నాడు. ‘నెలాఖరుకి సర్దేస్తా’ అని ఫోన్లో ఆయన అన్న మాటలు నా దగ్గర రికార్డయి ఉండేవి. 2024 వినాయక చవితికి ముందు సిస్టం అప్‌డేట్ వచ్చాక రికార్డింగ్ యాప్ పాడై అంతా పోయింది. అప్‌డేట్ పంపిన కంపెనీయే ఈ నష్టం కట్టాలి కదా?

జవాబు: మీ ఉత్తరం నాలుగు పేజీలు. ఇంట్లో గొలుసు తాకట్టు పెట్టిన సంగతి, హోటల్ గేటు దగ్గర జరిగిన అవమానం, రాత్రిళ్లు నిద్ర పట్టకపోవడం, అన్నీ చదివాను. కానీ కేసును తేల్చేది అవేవీ కావు. మూడో పేజీ అడుగున ‘రెండు వైపులా మాటలు రావడం ఆగిపోతే యాప్ తీసేసి మళ్లీ వేశాను’ అని రాశారు చూడండి, ఆ వాక్యం.

దానికి ముందే ఇంకో మాట రాశారు. అప్‌డేట్ అయ్యాక కూడా నాలుగు రోజులు పాత రికార్డింగులు వినిపించాయట. అంటే అప్‌డేట్ ఆపింది కొత్త రికార్డింగులను. పాతవి అప్పటికి ఫోన్లో భద్రంగానే ఉన్నాయి. ఆండ్రాయిడ్‌లో ఒక యాప్ తన సొంత ఫోల్డర్‌లో దాచుకున్న ఫైళ్లు, ఆ యాప్‌ను అన్‌ఇన్‌స్టాల్ చేస్తే దానితోపాటే చెరిగిపోతాయి. ఈ సంగతి కంపెనీ లాయరు మొదటి వాయిదాలోనే చెబుతాడు. రికార్డింగులను పోగొట్టింది అప్‌డేట్ కాదు, మీ చెయ్యే.

కాదని వాదిద్దామంటే మీరు పంపిన జాబ్ షీట్ ఉంది. 2024 సెప్టెంబరు 9 తేదీతో సర్వీస్ సెంటర్ ఇచ్చిన కాగితం. అందులో సమస్య రాసే గడిలో ‘బయటి నుంచి వేసుకున్న యాప్‌ను తీసేసి మళ్లీ వేశానని కస్టమర్ చెప్పారు’ అని ఇంగ్లీషులో ఉంది. కింద మీ సంతకం ఉంది. చదవకుండానే పెట్టానంటున్నారు. బాకీ డబ్బుకు ఆధారమంతా ఆ ఫోన్లోనే ఉందని తెలిసిన మనిషి, కాగితంలో ఏముందో అక్కడున్న అబ్బాయిని అడగకుండా సంతకం చేయడం చాలా పొరపాటు. నాలుగు రోజులు వినిపించిన రికార్డింగును ఇంకో ఫోన్లోకి పంపుకోకపోవడం అంతకంటే పెద్ద పొరపాటు. ఇంత సూటిగా చెబుతున్నానని బాధపడకండి. మిగిలి ఉన్న ఆధారమైనా దక్కాలనే చెబుతున్నాను.

యాప్‌ను ఆపడమైనా తప్పే కదా అన్నారు. మీ యాప్ ప్లే స్టోర్‌లోది కాదు, ఎవరో పంపిన ఏపీకే ఫైల్ (యాప్‌ను నేరుగా ఎక్కించే ఫైల్) నుంచి వేసుకున్నది. ఇలాంటి రికార్డింగ్ యాప్‌లు ఫోన్‌లో యాక్సెసిబిలిటీ అనే అనుమతిని వాడుకుని నడుస్తాయి. అది చూపు లేనివాళ్లకూ, వేళ్లు సరిగా ఆడనివాళ్లకూ సాయంగా పెట్టిన ఏర్పాటు. దాన్ని కాల్ రికార్డింగుకు వాడడాన్ని ప్లే స్టోర్‌లో గూగుల్ 2022 మే 11 నుంచి నిషేధించింది. అదే ఏడాది వచ్చిన ఆండ్రాయిడ్ 13లో, బయటి నుంచి వేసుకున్న యాప్‌లకు ఈ అనుమతి నేరుగా దొరకకుండా అడ్డు పెట్టారు. మీరు యాప్‌ను మళ్లీ వేశాక ఆ మీట బూడిద రంగులోకి పోయి నొక్కుడు పడలేదన్నారు కదా, అదే ఇది. మీరు ఫోన్ కొన్నది 2023 నవంబరులో. అప్పటికే ఇవన్నీ అందరికీ తెలిసిన నిబంధనలు. ఫోన్‌తోపాటు ఈ యాప్ నడుస్తుందని బిల్లులో గానీ ప్రకటనలో గానీ ఎవరూ మాట ఇవ్వలేదు.

అప్‌డేట్ పంపిన కంపెనీకి ఎప్పుడూ శిక్ష పడదని కాదు. ఇటలీలో పోటీ నియంత్రణ సంస్థ 2018 అక్టోబరులో ఆపిల్‌కు కోటి యూరోలు, శాంసంగ్‌కు 50 లక్షల యూరోలు జరిమానా వేసింది. పాత ఫోన్లు నెమ్మదిస్తాయని తగినంతగా చెప్పకుండా అప్‌డేట్ వేసుకునేలా చేశారన్నది అక్కడి తప్పు. ఫోన్ తన సొంత పనే సరిగా చేయలేకపోయింది కాబట్టి అది నిలిచింది. మీ ఫోన్ బాగానే ఉంది, ఆగింది బయటి యాప్.

కాంపిటీషన్ కమిషన్‌కు వెళ్లమని ఎవరో చెప్పారన్నారు. ఆ కమిషన్ 2022 అక్టోబరు 20న గూగుల్‌కు రూ. 1,337.76 కోట్ల జరిమానా వేసిన మాట నిజమే. బయటి నుంచి యాప్‌లు వేసుకోవడాన్ని అడ్డుకోవద్దన్న ఆదేశమూ అందులో ఉంది. 2023 మార్చి 29న అప్పీలు ట్రిబ్యునల్ జరిమానాను ఉంచి, ఆ ఆదేశాన్ని కొట్టేసింది. పైగా ఆ కమిషన్ చూసేది మొత్తం మార్కెట్‌లో పోటీని. గాజువాకలో ఒక వ్యాపారికి రావాల్సిన బాకీని అది ఇప్పించదు.

వినియోగదారుల కమిషన్ సంగతికి వద్దాం. వ్యాపారానికి కొన్న ఫోన్ కాబట్టి మీరు వినియోగదారు కారని అవతలివాళ్లు అంటారు. దానికి భయపడనక్కర్లేదు. సొంతంగా చేసుకునే బతుకుతెరువు కోసం కొన్నదాన్ని 2019 వినియోగదారుల రక్షణ చట్టం వాణిజ్య అవసరంగా లెక్కించదు. బిల్లు మీ బావమరిది పేరు మీద ఉన్నా, ఆయన ఒప్పుకోలుతో వాడుతున్నారు కాబట్టి ఫిర్యాదు చేసే హక్కు మీకుంది. రూ. 5 లక్షల లోపు కొన్నదానికి రుసుము లేదు. మీరు ఉండే చోటే, అంటే విశాఖ జిల్లా కమిషన్‌లోనే వేయవచ్చు. అయితే అడగగలిగింది ఒక్కటే. వారంటీ ఏడాది నిండకముందే సర్వీస్ సెంటర్ ‘సాఫ్ట్‌వేర్ చార్జీ’ అని రూ. 850 తీసుకుని ఏమీ బాగుచేయకుండా ఫోన్ తిరిగి ఇచ్చింది. ఆ రసీదు మీ దగ్గర ఉంది. సేవలో లోపమని దాన్ని అడగవచ్చు. గడువు రెండేళ్లు, అంటే 2026 సెప్టెంబరు 8 లోపు వేసేయాలి. ముందు వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు చెప్పండి, చాలాసార్లు అక్కడే తేలిపోతుంది. రూ. 1,86,000 మాత్రం ఈ దారిలో రాదు. దాన్ని ఇందులో కలిపితే 850 కూడా పోతుంది.

ఇక మీరు చివర్లో రాసిన మాట చదివి నాకు నిజంగా భయం వేసింది. జగదాంబ దగ్గర ఒక షాపు అబ్బాయి, రూ. 3,000 ఇస్తే పాత వర్షన్ ఎక్కించి రికార్డింగులు వెనక్కి తెస్తానన్నాడట. దయచేసి ఆ పని చేయకండి. పాత వర్షన్ ఎక్కించాలంటే చాలా ఫోన్లలో ముందు బూట్‌లోడర్ (ఫోన్ ఆన్ కాగానే సిస్టంను నడిపించేది) తాళం తీయాలి. ఆ తాళం తీయగానే ఫోన్‌లో ఉన్నదంతా చెరిగిపోతుంది. పోయిన రికార్డింగులు రావు సరికదా, హోటల్ ఆయనతో జరిగిన వాట్సాప్ మాటలూ, సరుకు ఫొటోలూ కూడా పోతాయి. బ్యాంకు యాప్‌లు కొన్ని అలాంటి ఫోన్‌లో తెరుచుకోవు. మీరు ఏ ఫోన్ మీద కేసు వేద్దామంటున్నారో, ఆ ఫోనే ఇప్పుడు మీ చేతిలో ఉన్న పెద్ద సాక్ష్యం. దాన్ని మీరే తుడిపేస్తే, దాచాల్సింది ఏదో ఉండబట్టే తుడిపాడని కోర్టు అనుకోవచ్చు. ఈ రోజు నుంచి దానికి అప్‌డేట్ వేయకండి, రీసెట్ చేయకండి, రిపేరుకు ఇవ్వకండి. వీలైతే సిమ్ తీసి వేరే ఫోన్‌లో పెట్టుకుని దీన్ని బీరువాలో ఉంచండి.

మీకు టెన్షన్ ఉండాల్సింది హోటల్ బాకీ గురించి. ఇన్నాళ్లూ ఫోన్ కంపెనీ వెంట తిరుగుతూ దీన్ని వదిలేశారు. అప్పు గడువు ఇంత అని ముందే మాట్లాడుకోకుండా సరుకు అమ్మితే, కాలపరిమితి చట్టం ప్రకారం సరుకు ఇచ్చిన రోజు నుంచి మూడేళ్లలో దావా వేయాలి. ‘ఖాతా అంతా ఒకటే కదా’ అనుకోకండి, ఏ రోజు దింపిన సరుకుకు ఆ రోజు లెక్కే. మీ మొదటి సరుకుకు 2026 జూన్ నెలాఖరుతో మూడేళ్లు నిండుతాయి. ఆ తర్వాత వారం వారం కొంత కొంత జారిపోతూ, 2027 జనవరికి మొత్తం పోతుంది. మే నెలలో సివిల్ కోర్టులకు వేసవి సెలవులు కూడా ఉంటాయి. నోటీసు పంపినంత మాత్రాన గడువు ఆగదు.

మీరు అంతగా ఏడుస్తున్న ఆ రికార్డింగు ఉన్నా ఈ గడువు పెరిగేది కాదు. బాకీ ఒప్పుకోలు కాగితం మీద సంతకంతో ఉంటేనే కొత్తగా మూడేళ్లు మొదలవుతాయి, అదీ పాత గడువు తీరకముందు అయితేనే. నోటి మాటకు ఆ బలం లేదు. రికార్డింగు బాకీ ఉందని నిరూపించడానికి మాత్రం పనికొచ్చేది. మాట కేసుకు సంబంధించినదై, గొంతు ఎవరిదో తేలి, మార్పులు చేయలేదని రుజువైతే రికార్డు చేసిన సంభాషణను సాక్ష్యంగా తీసుకోవచ్చని సుప్రీంకోర్టు 1973లోనే మల్కానీ కేసులో చెప్పింది.

ఆ నిరూపణకు వేరే దారులు మీ ఉత్తరంలోనే ఉన్నాయి. ‘రేపు ఇరవై కేజీల వంజరం పంపు’ అన్న వాట్సాప్ సందేశాలు. మధ్యలో ఆయన యూపీఐలో వేసిన రూ. 15,000, రూ. 10,000. ఇవి మీ బ్యాంకు స్టేట్‌మెంట్‌లో ఆయన పేరుతో కనిపిస్తాయి. బాకీ లేనివాడు అవి ఎందుకు పంపాడో ఆయనే చెప్పుకోవాలి. హోటల్ వంటగదిలో పెట్టెలు దింపిన ఆటో డ్రైవరు సాక్ష్యం చెబుతానన్నాడట, అది చాలా విలువైనది. మీ ఖాతా పుస్తకం కూడా పనికొస్తుంది గానీ అదొక్కటే చూపించి డిక్రీ తెచ్చుకోలేరు. ఒక రికార్డింగు మీ బావమరిదికి పంపినట్టు గుర్తుందన్నారు. ఆయన ఫోన్‌లో ఈ రోజే వెతికించండి. దొరికితే ఇంకెవరికీ పంపకుండా అలాగే ఉంచమనండి.

ఫోన్‌లో ఉన్నవి కోర్టులో పెట్టాలంటే ప్రింట్ తీస్తే సరిపోదు. 2024 జూలై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ సాక్ష్య అధినియం 63వ సెక్షన్ ప్రకారం సర్టిఫికెట్ జతచేయాలి. అందులో రెండు భాగాలు. ఒకటి మీరు నింపాలి, రెండోది కంప్యూటర్ నిపుణుడు నింపాలి. ఫైల్‌కు వేలిముద్ర లాంటి హ్యాష్ విలువ కూడా అందులో రాయాలి. రికార్డింగు బావమరిది ఫోన్‌లో దొరికితే దాని సర్టిఫికెట్ ఆయన ఇవ్వాలి.

ఇకముందు బయటి యాప్‌ల మీద లెక్కలు పెట్టుకోకండి. సరైన గుర్తింపు ఇచ్చిన డెవలపర్ల యాప్‌లే ఆండ్రాయిడ్ ఫోన్లలో మామూలుగా ఎక్కేలా చేస్తామని గూగుల్ 2025 ఆగస్టులో ప్రకటించింది. 2026 సెప్టెంబరులో బ్రెజిల్, ఇండోనేషియా, సింగపూర్, థాయ్‌లాండ్‌లలో మొదలుపెట్టి, 2027 నుంచి మిగతా దేశాలకు తెస్తామంది. తెలిసినవాళ్లు వేసుకోవడానికి వేరే దారి ఉంచుతామని తర్వాత చెప్పినా, వ్యాపారానికి అలాంటిదాన్ని నమ్ముకోలేం. సరుకు దింపిన ప్రతిసారీ చీటీ మీద హోటల్ మనిషి సంతకం తీసుకోండి, చాలు.

ఈ వారంలోనే హోటల్ ఆయన దగ్గరకు పెద్దమనిషి ఒకరిని తీసుకెళ్లండి. గొడవ పడకండి. ‘ఇంత బాకీ ఉంది’ అని తేదీ వేసి ఒక్క కాగితం మీద సంతకం పెట్టమనండి. కొంత చెక్కుగా ఇచ్చినా మంచిదే. యూపీఐలో వేస్తానంటే తీసుకోండి గానీ, గడువు పెరిగిందని దాన్ని నమ్ముకోకండి. పది రోజుల్లో సంతకం రాకపోతే సెలవులకు ముందే సివిల్ కోర్టులో డబ్బు దావా వేయించండి. లాయరు ఖర్చు భారమైతే జిల్లా న్యాయసేవాధికార సంస్థలో అడగండి. అర్హత ఉంటే లాయరును వాళ్లే పెడతారు. లోక్ అదాలత్‌లో రాజీకి కూడా పిలిపిస్తారు, అయితే రాజీ మాటల్లో జూన్ దాటనివ్వకండి. లాయరు దగ్గరకు వెళ్లేటప్పుడు 2023 జూన్ నుంచి బ్యాంకు స్టేట్‌మెంట్, కాటా చీటీలు, ఖాతా పుస్తకం, ఆటో డ్రైవరు అడ్రసు తీసుకెళ్లండి. ఫోన్ స్విచాఫ్ చేసి, ఆ సెప్టెంబరు 9 జాబ్ షీట్‌తో సహా ఒక కవరులో పెట్టి తీసుకెళ్లండి. సర్వీస్ సెంటర్‌లో ఏం సంతకం చేశారో మీ లాయరుకు అవతలివాళ్ల కంటే ముందు మీరే చెప్పాలి.