నాలుగు తీగలకి అంత బలం అక్కర్లేదు

బుజ్జీ,

నువ్వు ఉకులేలే కొనబోతున్నావని నిన్న మీ అమ్మ ఫోన్‌లో చెప్పింది. అప్పటినుంచి నా మనసు ఒకచోట నిలవడం లేదు. ఇన్నేళ్లు గిటార్ మీద ఆడిన చెయ్యి ఇంకో వాద్యం కావాలంటోందంటే నాకు గర్వంగానే ఉంది. ఆ వెనకాలే భయమూ వచ్చింది. గిటారిస్టులు ఉకులేలే చేతికి రాగానే "చిన్న గిటారే కదా" అనుకుంటారు, మొదటి రోజే పాట వాయించేస్తారు. వాయించగలరు కూడా. చిక్కంతా అక్కడే మొదలవుతుంది.

ముందు సైజు సంగతి. నట్ (మెడ పైకొసన తీగలు కూర్చునే గాడుల పట్టీ) నుంచి బ్రిడ్జ్ (ఒంటి మీద తీగలు ఆనే చెక్క) దాకా తీగ పొడవు అన్నిటికంటే చిన్నదైన సొప్రానోకి సుమారు 35 సెంటీమీటర్లు, కాన్సర్ట్‌కి 38, టెనర్‌కి 43. నీ గిటార్‌ది 65. చాలామంది గిటారిస్టులు టెనర్ వైపు మొగ్గుతారు, చేతికి అలవాటైన జాగా దొరుకుతుందని. నువ్వు కాన్సర్ట్ తీసుకో. వేళ్లకి సరిపడా చోటుంటుంది, ఉకులేలేకే సొంతమైన ఆ పొట్టి, చురుకైన మోతా పోదు. అన్నిటికంటే పెద్దదైన బారిటోన్ మాత్రం ఇప్పుడొద్దు. దాని శ్రుతి డి, జి, బి, ఇ, అంటే నీ గిటార్‌లో సన్నటి నాలుగు తీగలే. దానితో కొత్తగా నేర్చుకునేది తక్కువ.

మిగతా మూడు సైజులకీ శ్రుతి ఒకటే: జి, సి, ఇ, ఎ. గిటార్ మెడ మీది ఐదో ఫ్రెట్‌లో (అడ్డ కమ్మీ దగ్గర) కేపో, అంటే తీగలన్నిటినీ ఒకేసారి నొక్కి పట్టే బిగింపు, పెట్టి సన్నటి నాలుగు తీగలు మీటితే ఇవే స్వరాలు వస్తాయి, ఒక్క తేడాతో. నాలుగో తీగ జి ఒక ఆక్టేవ్, అంటే ఒక స్థాయి, పైన ఉంటుంది. నీకు పైన కనిపించే తీగ మంద్ర స్వరం పలకదు. అన్నిటికంటే కింది స్వరం మూడో తీగ సి. ఈ ఒక్క ముక్క చెయ్యి ఒప్పుకోవడానికి నెలలు పడుతుంది.

కార్డుల (కలిపి మోగించే స్వరాల) ఆకారాలు నీకు ముందే వచ్చు, పేర్లే మారతాయి. నాలుగో తీగ నుంచి మొదటి తీగకి చదువుకుంటూ రా, ఒక్కో అంకె ఆ తీగని నొక్కే ఫ్రెట్, 0 అంటే ఖాళీ తీగ: గిటార్‌లో డి పట్టే 0232 ఇక్కడ జి అవుతుంది. జి లోని 0003 సి అవుతుంది, ఎ లోని 2220 డి అవుతుంది. సి లోని 2010 ఎఫ్, ఎ మైనర్ 2210 డి మైనర్, ఇ మైనర్ 2000 ఎ మైనర్. మొదటి వారం ఇలా లెక్కేసుకుంటే తప్పులేదు. రెండో వారం నుంచి మానెయ్. "సి" అని వినగానే ఉంగరం వేలు మొదటి తీగ మూడో ఫ్రెట్ మీదికి తనంతట తాను వెళ్లాలి. మధ్యలో గిటార్ జి గుర్తు రాకూడదు. పక్కనెవరైనా పాట శ్రుతి మార్చమన్నప్పుడు, ప్రతి కార్డునీ రెండుసార్లు తర్జుమా చేసుకునేవాళ్ల చెయ్యి నిలబడిపోతుంది. ఇ మేజర్ (4442) ఒక్కటి మొదట్లో ఏడిపిస్తుంది. నాలుగు, మూడు, రెండు తీగల్ని నాలుగో ఫ్రెట్‌లో ఉంగరం వేలు ఒక్కదానితో అడ్డంగా నొక్కి, చూపుడువేలుని మొదటి తీగ రెండో ఫ్రెట్ మీద పెట్టు.

ఇంకోటి. నీ గిటార్ మెడ మీద చుక్క తొమ్మిదో ఫ్రెట్ దగ్గర ఉంటుంది. చాలా ఉకులేలేల మీద అది పదో ఫ్రెట్ దగ్గర ఉంటుంది. చూపుని నమ్ముకుని పైకి పరిగెత్తితే సరిగ్గా అర స్వరం తప్పుతావు.

కొనేముందు మూడు చూడు. వేలి కొసతో మెడ అంచు వెంట నిమురు, ఫ్రెట్ల కొనలు గుచ్చుకోకూడదు. ప్రతి తీగనీ పన్నెండో ఫ్రెట్‌లో మెల్లగా నొక్కి మీటు, ఖాళీ తీగకి సరిగ్గా ఆక్టేవ్ పలకాలి. మూడోది నట్. రెండో మూడో ఫ్రెట్ల మధ్య తీగని నొక్కి పట్టి, మొదటి ఫ్రెట్ మీద ఎంత సందుందో చూడు. పల్చటి కాగితం దూరేంత ఉంటే చాలు. అంతకంటే ఎక్కువుంటే నట్ గాడి ఎత్తుగా ఉందన్నమాట. అసలు సందే లేకుంటే ఆ వాద్యాన్ని అక్కడే పెట్టేసి రా.

ఈ నట్ దగ్గరే నేనొక వాద్యం పాడు చేశాను బుజ్జీ. నీ మీద భయమంతా దానివల్లే. ఒక పేజీ పట్టినా పూర్తిగా రాస్తాను, విసుక్కోకుండా చదువు.

గిటారిస్టు కొత్త ఉకులేలేని ట్యూనర్ పెట్టి చక్కగా శ్రుతి చేస్తాడు. ఖాళీ తీగలు నాలుగూ సరిగ్గా పలుకుతాయి. కార్డు పట్టగానే ఏదో పుల్లగా వినిపిస్తుంది. మళ్లీ శ్రుతి చేస్తాడు, మళ్లీ అంతే. అప్పుడు ట్యూనర్ పెట్టి మొదటి ఫ్రెట్ చూస్తే ముల్లు కుడివైపుకి పోతుంది, అంటే స్వరం పైకి లేస్తోంది. నట్ ఎత్తుగా ఉంటే మొదటి ఫ్రెట్లలో స్వరం లేస్తుందని చదివే ఉంటాడు కాబట్టి ఆకురాయి తీస్తాడు. గాడిని కొంచెం అరగదీస్తాడు, తీగ ఎక్కిస్తాడు, చూస్తాడు. ఇంకా లేస్తూనే ఉంది. ఇంకొంచెం అరగదీస్తాడు. మూడోసారికి గాడి దిగిపోతుంది, ఖాళీ తీగ మీటగానే మొదటి ఫ్రెట్‌కి తగిలి జుయ్యిమంటుంది. స్వరం మాత్రం అప్పటికీ లేస్తూనే ఉంటుంది. తప్పు నట్‌ది కాదు మరి. తప్పంతా ఎడమ చేతిది.

ఉక్కు తీగల్ని నొక్కడానికి అలవాటుపడిన వేళ్లు నైలాన్ తీగని ఫ్రెట్ కిందికంటా, చెక్కకి ఆనేదాకా తొక్కేస్తాయి. కిందికి సాగిన తీగ బిగుసుకుంటుంది, బిగుసుకున్న తీగ పైకి పలుకుతుంది. తీగ పొట్టిది కావడంతో ఆ కాస్త సాగుడే పెద్ద తేడా చేస్తుంది. దీనికి తోడు వేళ్లు గిటార్ మీదలాగే తీగని తెలియకుండా పక్కకి లాగుతుంటాయి. నాలుగు తీగలూ నాలుగు రకాలుగా లేస్తాయి కాబట్టి, శ్రుతి చేసే పెగ్‌లు ఎంత తిప్పినా ఆ కార్డు కలవదు.

దోషం నట్‌దా చేతిదా తేల్చుకోవడం ఇలాగ. ట్యూనర్ ముందు కూర్చుని మొదటి తీగ మూడో ఫ్రెట్ మీద వేలు ఊరికే ఆనించి మీటు. టక్కుమని మూగగా వస్తుంది. మీటుతూనే కొద్దికొద్దిగా ఒత్తు పెంచు. ముందు గరగరలాడుతుంది, ఆ తర్వాత ఒకచోట హఠాత్తుగా తేటగా పలుకుతుంది. అక్కడ ఆగి ముల్లు చూడు. ఇప్పుడు గిటార్ మీద నొక్కినంతా నొక్కి మళ్లీ చూడు. ఈ రెంటి మధ్య ముల్లు ఎంత జరిగిందో అంతా నీ చేతి తప్పు. తేటగా పలికిన ఆ మొదటి ఒత్తులోనే, మొదటి ఫ్రెట్‌లో కూడా స్వరం లేస్తుంటే అది నట్ తప్పు, అప్పుడు కూడా ఆకురాయి నువ్వు పట్టకు, బాగుచేసేవాళ్లకివ్వు. దిగిపోయిన గాడిని ఎముక పొడి, సూపర్ గ్లూ కలిపి నింపి మళ్లీ కోయొచ్చు, లేదంటే కొత్త నట్ వెయ్యాలి. అదంతా ఎందుకొచ్చిన గొడవ? రోజూ వాయించడం మొదలుపెట్టే ముందు, నాలుగు తీగల మీదా ఈ మూగ, గరగర, తేట వరస ఒక్కసారి చెయ్యి. మూడు నిమిషాల పని. ఫ్రెట్ వెనకాలే, దానికి దగ్గరగా నొక్కితే ఇంకా తక్కువ ఒత్తు సరిపోతుంది.

చెయ్యి అంత గట్టిగా ఎందుకు పిసుకుతుందో కూడా చెప్పాలి. గిటార్‌ని నీ తొడ మోస్తుంది. ఉకులేలేని ఏదీ మొయ్యదు. జారుతుందన్న భయంతో ఎడమ చెయ్యి మెడని పట్టేసుకుంటుంది. అదే పట్టు వేళ్లలోకి దిగుతుంది. అందుకని కుడి ముంజేత్తో వాద్యాన్ని ఛాతీకి ఆనించి, మెడని ఎడమ బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య ఒంపులో ఊరికే వాల్చు. తర్వాత ఎడమ చెయ్యి పూర్తిగా తీసేసి చూడు. వాద్యం ఉన్నచోటే ఉంటే పట్టు కుదిరినట్టు. తల కిందికి వాలిపోతే మొండికెయ్యకుండా స్ట్రాప్ పెట్టించుకో. స్ట్రాప్ తగిలించే బటన్ బిగించే ముందు సన్నటి రంధ్రం చెయ్యకపోతే చెక్క చీలుతుంది, కాబట్టి ఆ పని కూడా తెలిసినవాళ్ల చేతే చేయించు. స్ట్రాప్ పెట్టుకోవడం చిన్నతనమని కొందరంటారు. వాళ్ల మాట వినకు.

నీకు ఎఫ్ బారే కార్డు (చూపుడువేలితో తీగలన్నీ అడ్డంగా నొక్కేది) రాని రోజులు నాకు గుర్తున్నాయి. చూపుడువేలి మీద తీగలు ఎర్రటి గీతలు పడేలా నొక్కి, మోగకపోతే ఇంకా నొక్కి, కళ్లనీళ్లు పెట్టుకుని కూడా గిటార్ కింద పెట్టేదానివి కాదు. ఆ పట్టుదల చూసే నిన్ను ఏమీ అనలేకపోయేవాణ్ని. అనవలసింది. రెండేళ్ల కిందట మణికట్టు వాచి నెలరోజులు కట్టుతో తిరిగావే, ఆ నొప్పి మూలం అక్కడే ఉంది. ఇప్పుడు చెయ్యి మళ్లీ చిన్న మెడ చుట్టూ ముడుచుకోబోతోంది. రోజుకి రెండుసార్లు, పదిహేనేసి నిమిషాలు చాలు. బొటనవేలి మొదట్లో లాగినట్టనిపిస్తే కార్డు సగంలో ఉన్నా సరే ఆపెయ్. ఈ ఒక్క విషయంలో పెద్దవాణ్ని, నా మాట విను తల్లీ.

కుడిచేతి సంగతి తేలికే. గట్టి పిక్ వాడకు, పైచెక్క గీతలు పడుతుంది, మోత కీచుమంటుంది. మెడ ఒంటితో కలిసేచోట చూపుడువేలి గోరుతో కిందికి, అదే వేలి మెత్తటి కొసతో పైకి. మోచెయ్యి కాదు, మణికట్టు ఆడాలి.

వేళ్లతో వాయించేటప్పుడు మాత్రం నీ బొటనవేలు మొరాయిస్తుంది. గిటార్ మీద నాలుగో తీగనీ, ఐదో తీగనీ మార్చి మార్చి కొట్టి మంద్ర స్వరం నడిపించేది కదా, ఇక్కడ నాలుగో తీగ కొడితే పైస్వరం పలుకుతుంది. బొటనవేలుని మూడో తీగ నుంచి మొదలుపెట్టించు. లో జి (ఒక ఆక్టేవ్ కింది జి) తీగ వేసేద్దామని మనసు లాగుతుంది. ఆరు నెలలు ఆగు. ఆ తర్వాత వేసినా దానికని చేసిన లావు తీగే వెయ్యాలి. ఉన్న తీగని ఆక్టేవ్ కిందికి దింపితే వేలాడిపోతుంది. లావు తీగని పొరపాటున పై జి దాకా బిగిస్తే తెగుతుంది. ట్యూనర్ రెండిటికీ "జి" అనే చూపిస్తుంది కాబట్టి చెవితో కూడా చూసుకో.

ఆరు నెలలు ఎందుకు ఆగమన్నానో చేసి చూడు. సి మేజర్ స్కేలుని ఇలా వాయించు: మూడో తీగ ఖాళీ, మూడో తీగ రెండో ఫ్రెట్, రెండో తీగ ఖాళీ, రెండో తీగ మొదటి ఫ్రెట్, నాలుగో తీగ ఖాళీ, మొదటి తీగ ఖాళీ, నాలుగో తీగ నాలుగో ఫ్రెట్, మొదటి తీగ మూడో ఫ్రెట్. వేళ్లు వీలైనంతసేపు ఎత్తకు. జి దగ్గర్నుంచి ప్రతి స్వరమూ వేరే తీగ మీద పడుతుంది, కాబట్టి ముందుది ఆరకుండానే తర్వాతది మోగి, చిన్న గంటల వరసలా ఒకదానిలో ఒకటి కలిసిపోతాయి. దీన్ని కాంపనెల్లా అంటారు, ఇటాలియన్‌లో చిరుగంట అని అర్థం. పైన ఉండే ఆ జి లేకపోతే ఇది ఇంత హాయిగా చేతికి రాదు. 1879లో మదీరా ద్వీపం నుంచి రావెన్స్‌క్రాగ్ ఓడలో హోనొలులు చేరిన పోర్చుగీసు వడ్రంగులు తమ మషేటె వాద్యాన్ని చూసి హవాయిలో ఈ వాద్యం చేశారు. గిటార్‌కి చుట్టమే, కానీ వచ్చిన దారి వేరు. దాని మాట దాన్ని మాట్లాడనీ.

ఉక్కు తీగలు ఎప్పుడూ వెయ్యకు. నట్‌నీ, బ్రిడ్జ్ చెక్కనీ కోసేస్తాయి. కొత్త నైలాన్ తీగలు వారంపాటు సాగుతూనే ఉంటాయి, శ్రుతి తప్పుతోందని కంగారుపడకు, ప్రతిసారీ కింది నుంచి పైకి బిగించు. పెగ్‌లకి గేర్ లేకపోతే వెంట్రుకవాసి తిప్పినా స్వరం పరుగెడుతుంది. జారుతుంటే కొసనున్న స్క్రూ కొంచెం బిగించు. ఎండలో నిలబెట్టిన కారులో మాత్రం పది నిమిషాలు కూడా వదలకు, జిగురు మెత్తబడి బ్రిడ్జ్ లేచిపోతుంది.

గిటార్‌ని మూలన పెట్టెయ్యకు బుజ్జీ, రోజు మార్చి రోజైనా తియ్యి. వచ్చే నెల వచ్చినప్పుడు నేను ఐదో ఫ్రెట్‌లో కేపో పెట్టుకుని పక్కన కూర్చుంటాను, నువ్వు సి అన్నప్పుడు నేను జి పడతాను. ఈలోగా ఆ గంటల స్కేలు రికార్డు చేసి పంపు, నెమ్మదిగానే వాయించు. మణికట్టు ఎలా ఉందో దాచకుండా రాయి.

ప్రేమతో
మీ మామయ్య